పైకి బాగానే ఉన్నావుగా!

“పైకి బాగానే ఉన్నావుగా వదినా, ఇంకా జబ్బేమిటి?”

ఈ మాట పన్నెండేళ్ళుగా వింటున్నాను. పెళ్ళిళ్ళలో విన్నాను, పేరంటాల్లో విన్నాను, రేషన్ షాపు ముందు వరసలో నిలబడి విన్నాను. అన్నవాళ్ళ మీద కోపమేం లేదు. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఈవిడకి ఎడమ పాదం కింద నేల ఉందో లేదో తెలియదని ఎవరనుకుంటారు చెప్పండి?

ఈ పేజీల్లో మీరు కొత్త పచ్చళ్ళూ, పాత చీరలతో కుట్టే కర్టెన్లూ, మరకలు పోగొట్టే చిట్కాలూ చదువుకుంటారు. నేనూ అంతే. అందుకని జబ్బు పేరు చెప్పగానే పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయేది చాలావరకు వంటింటి సంగతే.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్. తడబడకుండా పలకడానికి నాకే ఏడాది పట్టింది. మా ఇంట్లో అందరం ‘ఎమ్మెస్’ అంటాం. మాది తెనాలి. మావారు సహకార బ్యాంకులో గుమాస్తా. ఇంటర్ పాసయ్యాక రెండేళ్ళకి పెళ్ళయి ఈ ఇంటికొచ్చాను. అత్తగారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇప్పుడు నాకు నలభై ఆరు.

కారం రంగు మారింది

2012 డిసెంబరులో ఎడమ కన్ను నొప్పి మొదలైంది. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల ఎవరో లాగుతున్నట్టుండేది. ఒకరోజు కుడి కంట్లో నలక పడి, ఆ కన్ను మూసుకుని కారం డబ్బా తీశాను. ఎర్రగా నిగనిగలాడే గుంటూరు కారం వెలిసిపోయిన ఇటుకపొడిలా కనిపించింది. కల్తీ సరుకు అంటగట్టాడని కొట్టువాణ్ణి నాలుగు తిట్లు తిట్టుకున్నాను. రెండో కన్ను తెరిచి చూస్తే కారం కారంలాగే ఉంది! కళ్ళజోడు మార్చాలేమో అనుకుంటూ ఉండగానే నెల తిరిగేసరికి దానంతటదే చాలావరకు సర్దుకుంది. నేనూ మర్చిపోయాను. మన ఆరోగ్యం విషయంలో మనకున్నంత మరుపు ఇంకెవరికీ ఉండదు కదా.

భోగినాడు మా అత్తగారు నలుగుపిండి కలిపి, కాగు నిండా నీళ్ళు మరగబెట్టి అందరికీ తలంట్లు పోయించారు. పొగలు కక్కే నీళ్ళు పోసుకుని లేచేసరికి ఎడమ కంటికి మళ్ళీ మంచు తెర కమ్మేసింది. ఫ్యాను కింద కూర్చుంటే అరగంటలో పోయింది. కళ్ళల్లో కుంకుడు రసం పడిందనుకున్నాం.

ఎండాకాలం వచ్చేసరికి అరికాళ్ళు మొద్దుబారాయి. ఆ మొద్దు మెల్లగా నడుం దాకా పాకింది. ఒక సాయంత్రం గుడికి వెళ్ళి మెట్ల దగ్గర చెప్పులు విప్పబోతే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. సందు చివరి దాకా వెనక్కి నడిచి వెతుక్కున్నాను. ఆ తర్వాత ఇంకొకటి. చేటలో బియ్యం ఏరడానికి తల వంచితే చాలు, మెడ దగ్గర నుంచి వెన్నులో కిందికి కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనేది. తల ఎత్తితే ఏమీ లేదు.

మొదట చూసిన డాక్టరుగారు నీరసం అన్నారు, బలానికి ఇంజెక్షన్లు రాశారు. ఆయన్ని తప్పుపట్టను. తిమ్మిర్లకి బి12 లోపం, షుగరు, వెన్నుపూసల మధ్య డిస్కు జారడం లాంటివే ఎక్కువగా కారణమవుతాయి. మీలో ఎవరికైనా తిమ్మిర్లుంటే ఇది చదివి ఎమ్మెస్ అనుకుని బెంగపెట్టుకోకండి. కానీ ఒక కంటికి చూపు మసకబారడం, సగం ఒళ్ళు మొద్దుబారడం, నడకలో తూలు, ఒకటి రెండుగా కనిపించడం, ఇవి వచ్చి రోజుల తరబడి ఉండి, మళ్ళీ పోతుంటే మాత్రం ‘పోయిందిగా’ అని ఊరుకోవద్దు. నరాల డాక్టరుకి చూపించుకోవాలి.

నన్ను గుంటూరు తీసుకెళ్ళారు. ఎమ్మారై తీస్తే మెదడులోనూ, మెడ దగ్గర వెన్నుపాములోనూ తెల్లటి మచ్చలు కనిపించాయి. నడుం దగ్గర సూది గుచ్చి వెన్నులో నీరు తీసి పరీక్ష చేశారు. ఇలాగే కనిపించే ఇంకో జబ్బుందట, దానికి మందులు వేరట, అందుకని అది కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్ష కూడా చేశారు. ఎమ్మారైలు లేని రోజుల్లో ఈ జబ్బు అనుమానం ఉన్నవాళ్ళని వేణ్ణీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టి, చూపు మసకబారుతుందేమో, కాళ్ళు పట్టుతప్పుతాయేమో చూసేవాళ్ళని డాక్టరుగారు చెప్పారు. మా ఇంట్లో ఆ పరీక్ష భోగినాడే అయిపోయిందన్నమాట!

మిక్సీ వైరు

డాక్టరుగారు చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మిక్సీ వైరుకి పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా? మన నరాలకీ అలాంటి తొడుగు ఉంటుంది. దాన్ని మైలిన్ అంటారు. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ ఆ తొడుగుని కొరికేస్తుంది. ఎక్కడ కొరికితే అక్కడ ఇబ్బంది. కంటి నరం దగ్గరైతే చూపు, వెన్నుపాములో అయితే కాళ్ళు, మూత్రం. అందుకే ఒక ఎమ్మెస్ రోగికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదు. 1868లో ఫ్రాన్సులో షార్కో అనే డాక్టరు దీన్ని విడి జబ్బుగా గుర్తించి వివరించారు. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. పిల్లల్ని పెంచుకుంటూ, ఇల్లు చక్కబెట్టుకునే వయసులోనే వస్తుందన్నమాట.

ఇది అంటుకోదు. నా ఎంగిలి తిన్నా, నా పక్కన పడుకున్నా రాదు. గాలి సోకడం కాదు, ఎవరి శాపమూ కాదు. పక్షవాతం అని బంధువులందరికీ ఫోన్లు చేసిన మా మేనత్తకి ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు మూడు శుభకార్యాలు పట్టాయి.

పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ దాడి జరిగినప్పుడు తగ్గించడానికి స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కిస్తారు. దాడులు తరచుగా రాకుండా ఆపడానికి వేరే మందులుంటాయి. మొదటి ఐదేళ్ళూ నాకు వారానికొక ఇంజెక్షను. ఫ్రిజ్‌లో పెరుగుగిన్నెకీ కొత్తిమీర కట్టకీ మధ్య దాని డబ్బా ఉండేది. కరెంటు పోతే నా గుండె ఆగిపోయేది, పాలు విరుగుతాయని కాదు, అది పాడైపోతుందని. పొడిచిన రాత్రి జ్వరం, ఒళ్ళు నొప్పులు. అందుకని శనివారం రాత్రి పొడిపించుకుని ఆదివారం పడుకునేదాన్ని. ఆదివారం వంట మావారికి అలా పడింది. మొదట్లో ఆయన చేసిన చారు తాగి పిల్లలు “నాన్నా, ఇది ఏ కషాయం?” అనేవాళ్ళు. ఇప్పుడు ఇంజెక్షన్లు పోయి మాత్రలు వచ్చాయి. అన్నం తిన్నాకే వేసుకోవాలి, డాక్టరు చెప్పిన గడువుకి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఒక తప్పు చేశాను, అదీ చెప్పాలి. 2015లో ఎవరో ‘నరాల బలానికి’ కషాయం ఇస్తారంటే, ఒంట్లో కులాసాగానే ఉందిగదా అని ఇంజెక్షన్లు మానేసి ఆరు నెలలు అది తాగాను. ఏడో నెలలో ఎడమ కాలు లేవలేదు. పదిహేను రోజులు మంచం మీద. కాలు తిరిగి వచ్చింది కానీ పూర్తిగా రాలేదు. ఇప్పటికీ అలిసిపోతే ఆ పాదం గడప తన్నుతుంది. కులాసాగా ఉండటం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, మందు అక్కర్లేదనడానికి కాదు. ఇది నాకు ఒక కాలు ఖరీదుతో తెలిసింది.

సిలిండర్లో ఎంత ఉందో!

ఈ జబ్బులో అన్నిటికంటే కష్టమేది అని అడిగితే, కాలూ కాదు కన్నూ కాదు, అలసట అంటాను. “మాకు మాత్రం అలసట ఉండదా?” అంటారు మీరు. ఉంటుంది. మీరు పనిచేసి అలిసిపోతారు. నేను నిద్ర లేచేటప్పటికే అలిసిపోయి ఉంటాను, ఒక్కోరోజు. ఒక్కోరోజు పదింటి దాకా లేడిపిల్లలా తిరిగి, ఉల్లిపాయ తరుగుతూ తరుగుతూ చెయ్యి అక్కడే ఆగిపోతుంది. కత్తి బరువు రోలంత అనిపిస్తుంది.

వంటగ్యాసు సిలిండరు చూడండి. నిండుగా ఉన్నా అదే రంగు, ఖాళీ అయినా అదే రంగు. పైకి ఏమీ తెలియదు. మనమైతే తడిగుడ్డతో తుడిచి చూస్తాం, గ్యాసు ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి ఎంత మిగిలిందో పోల్చుకుంటాం. నన్ను తుడిచి చూసుకోవడానికి అలాంటి గుడ్డ లేదు. అందుకే రోజూ సిలిండరు సగమే ఉందనుకుని పని మొదలుపెడతాను. తలస్నానం చేసిన రోజు బజారు పని పెట్టుకోను. చుట్టాలొచ్చిన రోజు బట్టలు మడత పెట్టను. ఇల్లు తుడవడమూ, పిండివంటా ఒకే రోజు పెట్టుకుంటే మర్నాడు మంచం దిగలేను. ఇలా లెక్కేసుకోవడం నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. మిగిలిన మూడు పనులు పోగొట్టుకోకుండా ఒక పని వదిలేయడం మనకెవరూ నేర్పరు కదా.

మా అత్తగారు మొదట్లో నమ్మలేదు. “మా రోజుల్లో పదిమందికి పిండి రుబ్బి, పొలానికి అన్నం మోసుకెళ్ళేవాళ్ళం” అనేవారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. 2014 కార్తీకంలో ఒక పొద్దున దోసెలు పోస్తున్నాను. ఆవిడ దేవుడి గదిలోంచి, “ఏమిటే అమ్మాయ్, ఆ కమురు వాసన?” అన్నారు. “దోసె మాడినట్టుంది అత్తయ్యా” అన్నాను. ఆవిడ వచ్చి చూసి కెవ్వుమన్నారు. నా ఎడమ చెయ్యి పెనం అంచుకి ఆనుకుని ఉంది. నాకు తెలియదు. చెయ్యి తీశాక కూడా నొప్పి లేదు.

ఆవిడ ఆ చేతిని నీళ్ళ పంపు కింద పెట్టి చాలాసేపు పట్టుకుని నిలబడ్డారు. “ఏడ్చినా బాగుండేదే, నువ్వు ఊరికే నిలబడితే భయమేసిందే” అన్నారు. ఆ తర్వాత ఆవిడ నోటంట పొలానికి అన్నం మోసిన కథ మళ్ళీ రాలేదు.

ఆ వారంలోనే వంటిల్లు మార్చాం. మీలో ఎవరింట్లోనైనా కాళ్ళూ చేతులూ పట్టులేనివాళ్ళు, మొద్దుబారినవాళ్ళు, షుగరుతో స్పర్శ పోయిన పెద్దవాళ్ళు ఉంటే ఇవి పనికొస్తాయి. స్టవ్ పక్కన ఎత్తయిన స్టూలు వేసుకున్నాను, వంట మూడొంతులు కూర్చునే. కత్తిపీట అటకెక్కింది, కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి కాబట్టి. పప్పులూ బియ్యమూ నడుమెత్తు అరలోకి దిగాయి. గంజి వార్చడం మానేశాం, కుక్కరే. వేడిగిన్నె ఏదైనా కుడి చేత్తో పట్టకారుతోనే, మసిగుడ్డ ముట్టుకోను. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చూడాలంటే కుడి చేతి వేళ్ళే. బకెట్లో సగానికి మించి నీళ్ళు పట్టను. వెనక పట్టీ ఉన్న చెప్పులు తప్ప వేసుకోను. గుమ్మాల్లో పట్టాలు తీసేశాం.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పలేదు, పడి నేర్చుకున్నాను. పాదాలకి నేల తెలియనప్పుడు మనిషిని నిలబెట్టేవి కళ్ళే. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నానా, తూలి గోడకి కొట్టుకున్నాను. ఇప్పుడు ముఖం కడిగేటప్పుడు ఒక చేత్తో గోడకి బిగించిన స్టీలు రాడ్డు పట్టుకుంటాను. రాత్రి బాత్‌రూమ్ దారిలో చిన్న బల్బు వెలుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు గురించి మావారు నోరెత్తరు.

సిగ్గుపడితే ఏమైంది

బాత్‌రూమ్ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, మనం మనం ఆడవాళ్ళమే. ఈ జబ్బులో మూత్రం ఆపుకోవడం కష్టం. వచ్చిందంటే నిమిషం ఆగదు. ఒక్కోసారి వెళ్ళి కూర్చున్నా పూర్తిగా రాదు. పెళ్ళికి వెళ్ళాలంటే చీర గురించి కాదు, అక్కడ బాత్‌రూమ్ ఎక్కడుందో అని నా బెంగ. దానికి నేను కనిపెట్టిన ఉపాయం నీళ్ళు మానేయడం! ఒకసారి విశాఖపట్నం ప్రయాణమని ముందురోజు మధ్యాహ్నం నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదు. మూడోరోజుకి మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం, ఆ జ్వరానికి రెండు కాళ్ళూ పడిపోయాయి. మళ్ళీ దాడి వచ్చిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చాం. కాదు, ఇన్ఫెక్షన్‌కి మందు వేసి జ్వరం తగ్గగానే కాళ్ళు వచ్చాయి. ఎమ్మెస్ ఉన్నవాళ్ళకి జ్వరం ఎందుకొచ్చినా పాత లక్షణాలన్నీ లేచి కూర్చుంటాయట. ఇప్పుడు నీళ్ళు తాగుతాను, రెండు గంటలకోసారి వచ్చినా రాకపోయినా వెళ్తాను, దీనికీ మాత్ర ఉందని డాక్టరుని అడిగి తెలుసుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మూడేళ్ళు సిగ్గుపడ్డాను.

ఆవకాయ

వేడి ఈ జబ్బుకి గిట్టదు. మనది తెనాలి. రోహిణి కార్తెలో మా డాబా మీద అప్పడం కాలుతుంది. ఆ ఎండల్లోనే ఆవకాయ పెట్టాలి. వచ్చిన చిక్కల్లా అదే.

2016 మే నెలలో యాభై కాయలు కొట్టించి తెచ్చాం. టెంకలో జీడి తీసి ముక్కలు తుడిచేసరికే పదకొండయింది. ఆవపిండి కలుపుతుండగా చూపు మసకైంది, నోట్లో మాట ముద్దగా వచ్చింది, కాళ్ళు పట్టుతప్పి పళ్ళెం పక్కనే కూలబడ్డాను. నా పని అయిపోయిందనుకున్నాను. అత్తగారు తడి తువాలు మెడకి చుట్టారు, మావారు కూలరు ముందుకి ఈడ్చుకెళ్ళి కూర్చోబెట్టారు. గంటలో అంతా సర్దుకుంది. డాక్టరుగారు ఫోనులో చెప్పిందేమిటంటే, తొడుగు చిరిగిన నరం వేడెక్కితే కబురు సరిగా మొయ్యలేదు, చల్లబడితే మళ్ళీ మోస్తుంది, దీనివల్ల కొత్త నష్టమేమీ జరగదు అని. జ్వరం, ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండా కొత్త లక్షణం వచ్చి ఇరవై నాలుగు గంటలు దాటినా పోకపోతే అప్పుడు దాడి అనుకోవాలి, వెంటనే ఫోను చెయ్యాలి. ఈ తేడా తెలిశాక నా భయం సగం తగ్గింది.

అయినా ఆ ఏడాది మిగిలిన ముక్కలు చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చింది. ఆవకాయ కొనుక్కోవచ్చు, నాకు తెలుసు. కానీ మా ఇంటి జాడీలో నా చేతి ఆవకాయ లేకపోవడమంటే నా చెయ్యే లేకపోవడమనిపించింది. చిన్న విషయానికి ఇంత ఏడుపా అనకండి. మనిషికి ఎక్కడ తగులుతుందో అక్కడ తగులుతుంది. ఈ జబ్బులో దిగులు కూడా ఒక భాగమేనని, దానికీ వైద్యం ఉందని తర్వాత తెలిసింది, కొన్నాళ్ళు ఆ మందూ వాడాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆవకాయ తెల్లవారుజామున నాలుగింటికి పెడతాం. ముక్కలు ముందురోజు రాత్రే ఫ్యాను కింద తుడిచి ఆరబెడతాం. నేను కుర్చీలో కూర్చుని కొలత చెబుతాను. ఆరు గిన్నెల ముక్కకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ఉప్పు గిన్నెకి కాస్త వెలితి, పప్పునూనె చూసుకుంటూ. కలిపేది మావారు. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి చూసి, “అదేమిటమ్మా, మగాడి చేత ఆవకాయా!” అన్నారు. మూడోరోజు తిరగకలిపి పంపిస్తే గిన్నె ఖాళీ చేసి పంపారు. మరుసటేడు కొలత అడిగారు.

చెప్పాలా, వద్దా?

పోయిన ఏడాది మా అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. అసలు పరీక్ష అప్పుడొచ్చింది. మా అన్నయ్య, మా ఆడపడుచు, అందరిదీ ఒకే మాట. “పైకి బాగానే ఉన్నావు. పెళ్ళిచూపుల గంటసేపు కుర్చీలో కూర్చో. ఎవరికీ చెప్పకు.” నా కర్ర కూడా దాచేయమన్నారు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. చెబితే పిల్ల బతుకు నా చేతులతో నేనే పాడుచేసినట్టు. చెప్పకపోతే రేపు అత్తారింట్లో తెలిసిన రోజున దాని ముఖం ఎలా ఉంటుంది?

డాక్టరుగారిని అడిగాను. ఇది తల్లి నుంచి పిల్లలకి నేరుగా దిగే జబ్బు కాదు, మామూలువాళ్ళకంటే కాస్త ఎక్కువ అవకాశం ఉంటుంది, పాశ్చాత్య దేశాల లెక్కల్లో అది నూటికి రెండు మూడు, అంటే తొంభై ఏడుమందికి రాదు అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, పెళ్ళికావలసిన ఆడపిల్లల తల్లులు వినాలి. ఎమ్మెస్ ఉన్న అమ్మాయికే పెళ్ళయినా, పిల్లల్ని కనొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు దాడులు తగ్గుతాయి, కాన్పయ్యాక కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలి. కొన్ని మందులు గర్భానికి పనికిరావు కాబట్టి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మా అమ్మాయిని అడిగితే, “అమ్మా, నువ్వు గంటసేపు నటిస్తే మర్నాడు మంచం దిగవు. నాకు ఆ సంబంధం వద్దు” అంది. అంతే. మొదటి సంబంధం వాళ్ళకి మధ్యవర్తి ద్వారా చెప్పించాం. జాతకాలు కలవలేదన్నారు. అంతకుముందు రోజు దాకా బ్రహ్మాండంగా కలిసిన జాతకాలవి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మా ఆడపడుచు నాతో నెలరోజులు మాట్లాడలేదు.

రెండోవాళ్ళు నరసరావుపేట. అబ్బాయి తల్లికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, “మా ఇల్లు పై అంతస్తండీ, పద్దెనిమిది మెట్లు. మీరొచ్చినప్పుడు ఎలా మరి? కింద వాటా వాళ్ళనడిగి ఒక గది తీయిస్తాను” అన్నారు. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు మాట రాలేదు.

ఈ ఫోనుకి ముందే ఇంకో పని చేశాను. వికలాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టాను. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన చట్టంలో ఇరవై ఒకటి చేర్చారు, అందులో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. మెడికల్ బోర్డు నలభై శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ అని ధ్రువీకరిస్తే చట్టంలో చెప్పిన సదుపాయాలకి అర్హత వస్తుంది. ఇన్నాళ్ళూ ‘వికలాంగురాలు’ అనే మాటకి జంకి నేను వెళ్ళలేదు. ముంబైలో 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉందని కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ జబ్బు ఉన్న ఇంకో మనిషితో మొదటిసారి ఫోనులో మాట్లాడిన రోజున, తల వంచితే షాకు కొడుతుందని నేను సగం చెప్పేలోపే అవతలావిడ మిగతా సగం చెప్పేశారు. ఇద్దరం నవ్వుకున్నాం.

పెళ్ళి వచ్చే మాఘంలో. వైశాఖంలో ఇంకా మంచి ముహూర్తముందని పంతులుగారన్నారు గానీ, ఎండల్లో అత్తగారిని తట్టుకోలేనని అల్లుడుగారే హాస్యమాడి మాఘం ఖాయం చేశారు. ముహూర్తం రాత్రి రెండున్నరకి. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా నన్నెవరూ లేపకూడదని తలుపు మీద కాగితం అంటిస్తానంటోంది మా అమ్మాయి. చీరల బేరాలు ఆడపడుచుకి అప్పగించాను. ఆవిడ ఇప్పుడు మాట్లాడుతోంది. పిండివంటలు వంటవాళ్ళకి, అతిథుల మర్యాదలు అన్నయ్యకి. నాకోసం ఒకే ఒక్క పని ఉంచుకున్నాను. కన్యాదానమప్పుడు మావారు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసేది నేనే.

వెండిచెంబు రెండు చేతులతో పట్టుకోవాలి. నా ఎడమ చేతికి బరువు తెలియదు, కళ్ళతో చూస్తూ పట్టుకోవాలి. అందుకని రోజూ సాయంత్రం దీపం పెట్టాక పెరట్లో మావారు పళ్ళెంలో కాళ్ళు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటున్నారు. నేను సగం నీళ్ళ చెంబుతో మొదలుపెట్టాను, ఇప్పుడు ముప్పావుకి వచ్చాను. మొన్న పంచె మోకాళ్ళ దాకా తడిసింది. నిన్న పాదాల మీదే పడ్డాయి.